ఆషాఢంలో కట్టిన ఓడ

పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయిని మా నాన్న "ఆదివారాలు ఏం చేస్తా ఉంటావప్పా" అని అడిగితే, ఆ అబ్బాయి కాఫీ కప్పు కింద పెట్టి, "ఓడ కడుతుంట అంకుల్" అన్నాడు.

నేను తల వంచుకుని కూర్చోవాల్సిన ఘట్టం అది. నవ్వు తన్నుకొచ్చి తలెత్తేశాను. ఎదురుగా అతను కూడా నవ్వు ఆపుకుంటున్నాడు. అంతే, నా పని అయిపోయింది.

ముందు మేమెవరమో చెప్పాలి. మాది బొమ్మనహళ్ళి. మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళం. మా తెలుగులో సగం కన్నడం, మా కన్నడంలో సగం తెలుగు. నాన్నకు హోసూరు రోడ్డు పక్క సందులో గుండీలు, జిప్పులు, దారపు కండెలు అమ్మే అంగడి ఉంది. చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీలవాళ్ళు అక్కడికే వస్తారు. అలాంటి ఒక ఫ్యాక్టరీలో నాది ప్యాటర్న్ సెక్షన్. చొక్కా కుట్టకముందు దాని ముక్కలు, అంటే వీపు, ముందు భాగం, చెయ్యి, కాలరు, కంప్యూటర్ మీద గీసి అట్ట మీద కోసి ఇచ్చే పని. అబ్బాయిది కరీంనగర్ వైపు. కుందలహళ్ళిలో పెద్ద టెక్ పార్కులో ఉద్యోగం. ఏ యంత్రం ముక్క ఎంత బరువుకి విరుగుతుందో, దాన్ని విరగ్గొట్టకుండానే కంప్యూటర్‌లో చూసి చెబుతాడట. ఆ వివరం విని అమ్మ బాగా మెచ్చుకుంది. ఓడ సంగతి వచ్చేదాకా అంతా బాగానే నడిచింది.

"ఓడంటే?" అని నాన్న కాస్త ముందుకు వంగాడు.

"షిప్ అంకుల్. మోడల్. నూరేండ్ల కిందటి ప్యాసింజర్ షిప్. నాలుగు పొగగొట్టాలుండేటివి. దాని హల్ చేస్తున్న, అంటే కింది డొప్ప. లోపల పక్కటెముకలు, వాటి మీద రేకులు. గంతే."

"పొగగొట్టాలు ఎప్పుడు పెడతావు?"

"పెట్టను అంకుల్. స్ట్రక్చర్ వరకే."

నాన్న దీన్ని కాసేపు నమిలాడు. తర్వాత అందరూ అడిగేదే అడిగాడు. "మునిగిందా ఆ ఓడ?"

"లేదంకుల్. మంచిగనే తిరిగింది. ముసలిదైనంక విప్పేసిండ్రు. మునగలేదు కాబట్టే ఎవ్వలికీ గుర్తు లేదు."

"శుభమా అని మాట్లాడుకుంటా ఉంటే మునిగేదీ తేలేదీ ఏంటికయ్యా" అని అమ్మ మైసూర్‌పాక్ పళ్ళెం మధ్యలోకి తోసింది.

నాన్న వదల్లేదు. ఎన్నాళ్ళుగా చేస్తున్నావన్నాడు. నాలుగేండ్ల సంది అన్నాడతను. ముగిసిందా అన్నాడు నాన్న. పాపం, ఆ అబ్బాయికి అబద్ధం చేతకాదు. "లేదంకుల్. కంప్యూటర్ల ఒక సగం గీసిన. ఒక సగం గీస్తే చాలు, ఇంకో సగం అద్దంల బొమ్మ లెక్క దానికదే వస్తది. బటన్ నొక్కుడే. ఇంక నిజంగ చెయ్యాలె" అని ఎంతో ఉత్సాహంగా వివరించాడు. వాళ్ళమ్మ పక్కనుంచి అతని మోకాలు గిల్లడం నాకు కనపడింది.

వాళ్ళు వెళ్ళాక నాన్న తీర్పు చెప్పాడు. "నాలుగేండ్లుగా ఒక బొమ్మ ముగించనోడు, సంసారం ఏం ముగిస్తాడు?"

"సంసారం ముగించేది ఏందయ్యా, నడిపేది కదా" అంది అమ్మ.

ఇంకో సంబంధం కూడా ఉంది అప్పటికి. హోసూరువాళ్ళది. అబ్బాయికి స్థలాల వ్యాపారం, రెండంతస్తుల సొంతిల్లు, దానికి గృహప్రవేశం కూడా అయిపోయింది. నాన్నకు ఆ గృహప్రవేశం బాగా నచ్చింది. నాకు మాత్రం ఆ పెద్దమనిషి మా హాల్లో కూర్చున్నంతసేపూ ఫోన్‌లో ఎవరికో ఒక స్థలం అమ్ముతూనే ఉన్నాడన్న సంగతి నచ్చలేదు. నా మొహం ఎలా ఉందో కూడా అతను చూసి ఉండడు. చూస్తే అప్పుడే తెలిసేది.

"నాకు ఓడబ్బాయి నచ్చినాడు నాన్నా" అని చెప్పేశాను. అప్పటినుంచి మా ఇంట్లో అతని పేరు ఓడబ్బాయి.

నాన్నకు కోపం రాదు, పట్టుదల వస్తుంది. అది కోపం కన్నా కష్టం. "సరే పాపా. ఆషాఢం వస్తా ఉండాది. ఆషాఢంలో ఎట్లాగూ ఏ మాటా అనుకోకూడదు. శ్రావణం తొలి శుక్రవారం దినం ఆ ఓడ ముగించి తెచ్చి ఈ హాల్లో పెట్టమను. ముగించిన ఓడ. పెడితే అప్పుడే తాంబూలాలు. లేదంటే అదే దినం హోసూరోళ్ళకి ఊ అంటా. ఆమేలె నువ్వు ఏడవకూడదు."

ఆమేలె కూడా, అంటే ఆ తర్వాత కూడా, ఏడవనన్నాను. చాలా గట్టిగా అన్నాను. అని, నా గదిలోకి పోయి, తలుపేసుకుని, మంచం మీద కూర్చుని శ్రావణానికి ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టాను.

ఇక్కడ ఒక రహస్యం. ముగింపుల మీద ఇంత పట్టుదల ఉన్న మా నాన్న మేడ మీద ఒక గది కట్టించడం మొదలుపెట్టి, పైకప్పు వేసి, ఆపేశాడు. గోడలకు పూత లేదు, ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి. స్తంభాల ఇనుప కడ్డీలు ఇంకా ఆకాశం వైపు చూస్తున్నాయి. ఎందుకు ఆగిందంటే ఆయనకే తెలీదు. ఆ గది మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే నాన్న రెండు రోజులు అంగడిలోనే భోంచేస్తాడు.

ఓడబ్బాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"నెల రోజులల్లనా?" అన్నాడు. "నాలుగేండ్లల్ల కానిది?"

"ఒక్కరు చేస్తే కాలేదు. ఇద్దరం చేద్దాం. మీరొక సగం, నేనొక సగం. చెరొకటి చేసి, ఆ దినం కలిపి అతికేస్తే సరి."

"మీరు చేస్తరా? ఓడ?"

"దినమంతా నేను చేసేది అదే కదండీ. చొక్కాలు కాకపోతే ఓడ."

అటువైపు నుంచి ఒక నవ్వు వినిపించింది. ఆ నవ్వు కోసం ఓడేమిటి, విమానం కూడా కట్టేదాన్ని.

ఆ ఆదివారం కుందలహళ్ళిలో ఒక చిన్న ఆంధ్రా మెస్‌లో కలిశాం. ఆషాఢంలో ఇలా కలవొచ్చా అంటే, పెళ్ళి మాటలు కాదు కదా, ఓడ మాటలే కదా అని అమ్మే సమాధానం చెప్పి పంపింది. అరిటాకులకూ పప్పు గిన్నెకూ మధ్య అతను ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాడు. తెర మీద ఓడ. సగమే, నిలువునా మధ్యకి కోసిన ఓడ. ముక్కు కుడివైపుకు, తోక ఎడమవైపుకు. అడుగున ఈ చివరినుంచి ఆ చివరకు వెన్నెముక, దాని మీద వరసగా పక్కటెముకలు. మధ్యలో వెడల్పుగా ఉండి, ముక్కు దగ్గరకు వచ్చేసరికి సన్నబడి కత్తి మొనలాగా అయిపోతాయి. వాటి మీద రేకులు వరసలు వరసలుగా, ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉన్నాయి.

నేను అన్నం కలపడం ఆపేశాను. ఒక్కొక్క రేకూ నాకు చొక్కా ముక్కలాగా కనపడుతోంది. ఉబ్బెత్తు ఒంటి మీదికి చదును గుడ్డను ఎలా ఒప్పించాలన్నదే కదా నా ఉద్యోగం. "ఇదిగో, ఈ తోక దగ్గర రేకు రెండు వైపులా వంగుతోంది. అట్ట మాట వినదు. ఇక్కడ ఒక డార్ట్ వేయాలి, జాకెట్టుకు మడత వేసినట్టు" అన్నాను.

అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నాలుగేండ్ల సంది గా రేకు కాడనే ఆగిపోయిన" అన్నాడు మెల్లగా.

"రేకులు బిగించే ఈ మేకుతలలు, రివెట్లు, ఎట్లా చేస్తారు మీరు?"

"అదే తెలుస్తలేదు. వేలకు వేలుంటయి."

నేను బ్యాగులోంచి నా పళ్ళ చక్రం తీశాను. చిన్న పిడి, దాని కొసన ముళ్ళున్న చక్రం. ప్యాటర్న్ గీతలను అట్ట మీదికి దించడానికి వాడతాం. దాన్ని ఒక టిష్యూ పేపరు వెనక వైపు పెట్టి గట్టిగా ఒకసారి దొర్లించి తిప్పి చూపించాను. ఇటువైపు చుక్కలు చుక్కలుగా లేచి నిలబడ్డాయి, బారుగా, ఒకే ఎడంతో. అతను వాటి మీద వేలు పెట్టి రాసి చూశాడు. ఆ సంతోషంలో మోచెయ్యి తీసుకెళ్ళి నా సాంబారు గిన్నెలో పెట్టాడు. సర్వర్ పరిగెత్తుకొచ్చాడు. మేమిద్దరం ఆపకుండా నవ్వుతూనే ఉన్నాం, ఆ మెస్‌లో ఉన్నవాళ్ళందరూ మావైపే చూసేదాకా.

పక్కటెముకలు కోయించడానికి బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక లేజర్ కటింగ్ అంగడికి వెళ్ళాం. ఇంటి పేరు పలకలు, పుట్టినరోజు బోర్డులు కోసే అంగడి. ఆయన మా ఫైలు చూసి, "ఏన్ సార్ ఇదు, మీనిన మూళెనా?" అన్నాడు. చేప ముళ్ళా అని అడుగుతున్నాడు. అవునన్నాను. పెద్ద చేప అన్నాను. రెండు సెట్లు కోసిచ్చాడు, అచ్చు ఒకేలాంటివి. ఒక సెట్టు ఓడబ్బాయి సంచిలో, ఒక సెట్టు నా సంచిలో. చెక్క ముక్కలు చదునుగా ఉంటాయి కదా, ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. నేను ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో బొమ్మనహళ్ళి దాకా కిటికీలోంచి చూస్తూ ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్న ఆవిడ కాస్త జరిగి కూర్చుంది.

పని మేడ మీద గదిలో పెట్టుకున్నాను. సగం ఓడ చదును వైపుకు వేసే పలక నాలుగడుగుల పొడవు, దానికి వేరే చోటెక్కడుంది? ఫ్యాక్టరీ నుంచి రాగానే మొహం కడుక్కుని పైకెక్కేదాన్ని. పలక మీద పక్కటెముకలు ఒక్కొక్కటే నిలబెట్టి జిగురు పెట్టడం, వాటి మీద పొడుగు బద్దలు వంచి కట్టడం, ఆ పైన అట్ట రేకులు. జిగురు ఆరేదాకా రేకు కదలకుండా పట్టుకోవడానికి అమ్మ బట్టల క్లిప్పులన్నీ తెచ్చిచ్చింది. దాంతో తడిబట్టలు దండెం మీద నుంచి ఎగిరి పక్కింటివాళ్ళ డాబా మీద పడుతుండేవి. ఒక వరస రేకుల్లో అక్కడక్కడ కొన్ని వేయకుండా వదిలేశాం, లోపలి ఎముకలు కనపడాలని. నాన్న పైకి రాలేదు. కింద మెట్ల దగ్గర నిలబడి, రోజూ అంగడి మూసి రాగానే, "ముగిసిందా పాపా?" అని కేకేసేవాడు. లేదు నాన్నా అనేదాన్ని. "హోసూరోళ్ళు మళ్ళీ ఫోన్ చేసినారు" అనేవాడు. అది విన్నప్పుడల్లా నా చేతిలో పళ్ళ చక్రం దానికదే వేగం పెంచేది.

ఆషాఢం చినుకులు మొదలయ్యాయి. పూత లేని గోడల్లోంచి చెమ్మ దిగి, అట్ట రేకులు ఉబ్బి, ఒక సాయంత్రం చూస్తే ముక్కు దగ్గర వరస మొత్తం పెదవి విరిచినట్టు లేచిపోయి ఉంది. ఫోన్ చేసి ఓడబ్బాయి మీద అరిచాను. అతనేం చేశాడు పాపం, వాన కురిపించాడా? అయినా అరిచాను. అంతా విని, "ఇస్త్రీపెట్టె ఉందా ఇంట్ల?" అన్నాడు. పల్చటి గుడ్డ వేసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో ఓడను ఇస్త్రీ చేశాను. పడుకుంది. "పడుకుందా?" అన్నాడు. "పడుకుంది" అన్నాను. "నువ్వు మస్తు పనిమంతురాలివి" అన్నాడు. ఆ రోజు నుంచి మేం మీరులోంచి నువ్వులోకి దిగాం. ఎవరం ముందు దిగామో చూసుకోలేదు.

రోజూ మాట్లాడుకునేవాళ్ళం. ఏం మాట్లాడుకోలేదు గనక! అతనికి వంకాయ పడదు. నాకు లిఫ్ట్ అంటే భయం. అతను సముద్రం చూసింది ఒక్కసారి, విశాఖపట్నంలో. నేను చూసింది ఒక్కసారి, చెన్నైలో. ఇద్దరిలో ఎవ్వరం ఎప్పుడూ ఓడ ఎక్కలేదు, దగ్గర్నుంచి చూడనైనా లేదు. అది తెలిసినప్పుడు ఎంత నవ్వామంటే అమ్మ కింద నుంచి ఏమైందని అడిగింది. పెళ్ళైతే ఇల్లెక్కడ, ఎవరు ముందు లేచి పాలు కాచాలి, పిల్లలకు ఏ తెలుగు నేర్పాలి, నాదా తనదా, అన్నీ అయిపోయాయి. ఫోటోలు కూడా పంపుకునేవాళ్ళం. అతని సగం ఫోటో వస్తే నేను పొంగిపోయేదాన్ని. "నీది అచ్చం నాదిలాగే ఉండాది" అని రాసేదాన్ని. "నీది గూడ సేమ్ టు సేమ్ నా లెక్కనే" అని అతను రాసేవాడు. ఒకసారి మాత్రం చిన్న అనుమానం వచ్చింది. రెండు ఫోటోల్లోనూ ముక్కు కుడివైపుకే ఉందేమిటా అని. ఈ ఫోన్లు ఫోటోలను అటూ ఇటూ తిప్పేస్తుంటాయిలే అనుకుని మళ్ళీ రివెట్లలో పడిపోయాను.

శ్రావణం తొలి శుక్రవారం పొద్దున్నే అమ్మ తట్టలో తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ, పళ్ళు, కొబ్బరికాయ సర్ది, పైన గుడ్డ కప్పి దేవుడి గదిలో పెట్టింది. బయటికి తీయాలా వద్దా అన్నది ఓడ మీద ఉంది కదా. నాన్న తెల్ల చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాడు. జేబులో ఫోన్ పెట్టుకున్నాడు. మధ్యాహ్నంలోగా మాట చెప్పమని హోసూరువాళ్ళు అడిగారట.

ఓడబ్బాయి వాళ్ళు క్యాబులో వచ్చారు. వాళ్ళమ్మ వెనక సీట్లో కూర్చుని, దుప్పటిలో చుట్టిన సగం ఓడను ఒళ్ళో పడుకోబెట్టుకుని కుందలహళ్ళి నుంచి తెచ్చింది. "పసిపిల్లగాని లెక్క పట్టుకొచ్చిన వదినా, ఒక్క గుంతల గూడ తగలనియ్యలె" అంది అమ్మతో. నేను పైనుంచి నా సగం దించాను. హాల్లో చాప పరిచాం. దుప్పట్లు విప్పాం.

ఏం చెప్పను! ఎంత బాగున్నాయో. అతనిది బూడిద రంగు, నాది బూడిద రంగు. రివెట్ల వరసలు వెలుతురుకు మెరుస్తున్నాయి. వదిలేసిన రేకుల సందుల్లోంచి ఎముకలు కనపడుతున్నాయి. నాన్న కుర్చీలోంచి లేచాడు. లేచాడంటే గెలిచినట్టే అని నా గుండె గంతులేసింది.

"ఊఁ, కలపండి" అన్నాడు నాన్న.

సగం ఓడకు ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. చదునుకు చదును ఆనిస్తే నిండు ఓడ. అతను ఒక పక్క, నేను ఒక పక్క కూర్చుని జరిపాం. చదునూ చదునూ చక్కగా ఆనుకున్నాయి. నా ముక్కు దగ్గర అతని తోక ఉంది.

"తిప్పుతా ఆగు" అన్నాడు. తిప్పాడు. ముక్కులు రెండూ ఒకవైపుకు వచ్చాయి. ఇప్పుడు నా చదును పక్కన అతని ఓడ పొట్ట ఉంది.

"నేను తిప్పుతా" అని నాదాన్ని పొర్లించాను. చదునూ చదునూ కలిశాయి. ముక్కూ ముక్కూ కలిశాయి. నా సగం మాత్రం తలకిందులుగా, వెన్నెముక పైకప్పు వైపు పెట్టి ఉంది.

ఇద్దరం ఆగిపోయాం. గుమ్మంలో వచ్చినవాళ్ళ చెప్పులు కనపడ్డాయి. రెండు కుడికాలి చెప్పులు తెచ్చి జత చేద్దామని చూస్తున్నామని అప్పుడు తలకెక్కింది. ఇద్దరం ఓడ కుడి పక్కే చేశాం. ఆ తెర మీద కనపడ్డ పక్కే, ముక్కు కుడివైపుకున్న పక్కే. ఫ్యాక్టరీలో నేను గుడ్డను రెండు పొరలుగా మొహానికి మొహం పెట్టి పరిపిస్తాను, ఒక్క కోతకు కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ రెండూ వస్తాయి. ఎడమ చేతిని విడిగా గీయాల్సిన అవసరం నాకు ఇన్నేళ్ళలో రాలేదు. అతనికి బటన్ ఉంది. రెండో పక్కను నాకు గుడ్డ చేసిపెడుతుంది, అతనికి బటన్ చేసిపెడుతుంది. ఈసారి మాత్రం ఎవరూ చేసిపెట్టలేదు. ఎవరిది ఏ పక్క అన్న ఒక్క సంగతి తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకున్నాం.

అతను నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. మా ఇద్దరి పెళ్ళీ ఆ చాప మీద తలకిందులుగా పడి ఉంది, నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. అలాంటి ఇలాంటి నవ్వు కాదు, పొట్ట పట్టుకుని చాప మీద వాలిపోయే నవ్వు. అతనికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "సేమ్ టు సేమ్" అంటున్నాడు, మళ్ళీ పడిపోతున్నాడు. "అచ్చం నాదిలాగే" అంటున్నాను, ఊపిరి అందడం లేదు. వాళ్ళమ్మకు సంగతి అర్థం కాలేదు గానీ, "మా పోరడు గింతే వదినా" అని ఆవిడా నవ్వడం మొదలుపెట్టింది.

నాన్న నవ్వలేదు. వంగి రెండింటినీ చూశాడు. "జిప్పుకి ఒక పక్క పళ్ళే రెండు తెచ్చినారు" అన్నాడు. "ఇది ముగిసిన ఓడ కాదప్పా. నేనేమన్నా? ముగించిన ఓడ అన్నా."

నవ్వు ఆగిపోయింది. ఓడబ్బాయి లేచి నిలబడ్డాడు. "అంకుల్, పాతకాలంల ఓడలు కట్టేటోళ్ళు ముందుగాల సగం ఓడనే చేసేటోళ్ళు. చేసి గోడకు పెట్టుకునేటోళ్ళు. నిజంగ."

"సగమేనా?"

"సగమే అంకుల్."

"ఆమేలె ఓడ కట్టేవాళ్ళా, లేదా?"

"కట్టేటోళ్ళు."

నాన్న గడ్డం గోక్కున్నాడు. అప్పుడు అమ్మ, తట్ట మీద గుడ్డ సర్దుతూ, ఏమీ ఎరగనట్టు అంది. "మన హాల్లో గోడ చాలదులేయ్యా. రెండు పెట్టాలంటే అంత పొడుగు గోడ పైన రూములోనే ఉండాది. అది కూడా ముగిసినట్టు లేదు కదా, జోడీ కుదురుతుంది."

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గది మాట ఎత్తడం అదే మొదటిసారి. నాన్న అమ్మ వైపు చూశాడు. లోపలికి పోయి, సుత్తీ మేకులూ తెచ్చి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండు ఓడలూ పట్టుకుని మేం వెనకాల పరిగెత్తాం.

పూత లేని ఆ ఇటుక గోడ దగ్గర నాన్న స్టూలెక్కాడు. మేకులు పెదాల మధ్య పెట్టుకున్నాడు. నా సగాన్ని ముందు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో రివెట్ల వరస వెంట ముక్కు దాకా పోయాడు, మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఇవన్నీ నువ్వే చేసినావా పాపా?" అన్నాడు మేకుల మధ్య నుంచి. అవునన్నాను. అంతదాకా నవ్వినదాన్ని అక్కడ ఏడ్చేశాను. ఏడవనని మాటిచ్చిన సంగతి గుర్తే లేదు.

నాది కొట్టాడు. దాని వెనక అతనిది కొట్టాడు. వెనక చదును కాబట్టి రెండూ గోడకు అతుక్కుపోయి, ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడ్డాయి. నాన్న స్టూలు మీదే మెడ వెనక్కి వంచి చూస్తుంటే జేబులో ఫోన్ మోగింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన హోసూరువాళ్ళ పేరు చూసి, మేకులు పెదాల మధ్య నుంచి తీసి అరచేతిలో వేసుకుని, ఎత్తాడు.

"ఆఁ, చెప్పప్పా" అన్నాడు. విన్నాడు. "లేదప్పా, ఇప్పుడు మాట్లాడలేను. ఇంట్లో మా పాప తాంబూలాలు జరుగుతా ఉండాయి. ఆమేలె చేస్తా" అని పెట్టేశాడు.

అప్పటిదాకా ఆ సంగతి మాకెవరికీ తెలీదు. అమ్మ తట్ట కోసం కిందికి పరిగెత్తింది. వాళ్ళమ్మ ఆవిడ వెనకాలే పరిగెత్తింది. ఓడబ్బాయి కదలకుండా నిలబడిపోయాడు, సుత్తి అందుకోమని నాన్న రెండుసార్లు చెయ్యి చాపినా చూసుకోలేదు.

"రెండో పక్క ఎప్పుడు చేస్తారప్పా?" అని అడిగాడు నాన్న స్టూలు దిగుతూ.

"పెళ్ళైనంక చేస్తం మామయ్యా" అన్నాడతను. ఆ పిలుపు అదే మొదలు.

పెళ్ళైంది. బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దెకుంటున్నాం. ఓడలు రెండూ ఆ ఇటుక గోడ మీదే ఉన్నాయి, రెండూ ఒకే తట్టుకు పోతున్నాయి. మేం వెళ్ళినప్పుడల్లా నాన్న మెట్ల దగ్గర నిలబడి, "ఎడమ పక్క ముగిసిందా?" అంటాడు. "గోడలకు పూత ఎప్పుడు నాన్నా?" అంటాను నేను. "ముందు మీరు" అంటాడాయన. "ముందు మీరు మామయ్యా" అంటాడు ఈయన. ముగ్గురం భోజనానికి కూర్చుంటాం.